ప్రతినాయకుని కారణం, ప్రతినాయకుని దోషం: సూపర్ హీరో చిత్రకథల చర్చ – తిరుపతి ప్రాంత సంప్రదాయం

ఉపోద్ఘాతం

సూపర్ హీరో చిత్రకథల అభిమానుల చర్చల్లో నేడు నాయకుని కంటె ప్రతినాయకునికే ఎక్కువ చోటు దక్కుతున్నది. అతడు ఎంత బలవంతుడన్న ప్రశ్న వెనుకబడింది. అతని వాదంలో న్యాయమున్నదా అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. ఈ ప్రశ్న తెలుగు సాహిత్య విద్యార్థికి కొత్తది కాదు. సుయోధనుని గురించి తరతరాలుగా మనం వాదించుకుంటున్నది ఇదే. ప్రతినాయకుని ప్రవర్తనకు కారణం తెలియడం, అతని దోషం తొలగడం రెండూ ఒకటి కావన్న భేదం ఈ చర్చల్లో తరచుగా చెదిరిపోతున్నది. తిరుపతి పరిసరాల్లోని రెండు సంప్రదాయాలు ఆ భేదాన్ని స్పష్టంగా నిలుపుకున్నాయని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చిత్రకథల్లో ప్రతినాయకుని పరిణామం

ఈ పరిణామానికి మాగ్నెటో పాత్ర మంచి ఉదాహరణ. 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ ఎక్స్-మెన్ తొలి సంచికలో ప్రవేశపెట్టినప్పుడు అతడు అధికారదాహం తప్ప మరొకటి ఎరుగని దుష్టుడు. 1981లో వెలువడిన 150వ సంచికలో రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ అతనికి ఆష్విట్జ్ మృత్యుశిబిరంలో గడచిన బాల్యాన్ని కల్పించాడు. అక్కడినుండి అతని క్రౌర్యం వెనుక ఒక చరిత్ర నిలిచింది. 2003లో గ్రాంట్ మారిసన్ కథలో ఒక విద్యార్థి, మాగ్నెటో చెప్పిందే నిజమన్న నినాదమున్న చొక్కా ధరిస్తాడు. ఆ నినాదం కథ దాటి పాఠకుల నోటికెక్కింది. 2019లో జొనాథన్ హిక్‌మన్ రచించిన కథావళిలో ఒకనాటి ప్రతినాయకులు క్రకోవా అనే ద్వీపరాజ్యంలో పౌరులై, దాని పాలకమండలిలోనూ కూర్చుంటారు. దుష్టుడు, బాధితుడు, ప్రవక్త, పాలకుడు: ఇవి ఆ పాత్ర ఎక్కిన నాలుగు మెట్లు.

2024 అక్టోబరులో మొదలైన అబ్సల్యూట్ బ్యాట్‌మన్ మరొక దారి పట్టింది. అందులో బ్రూస్ వేన్‌కు వంశపారంపర్య సంపద లేదు. ఆ ఐశ్వర్యం జోకర్ పక్షాన చేరింది. ఇక్కడ ప్రతినాయకునికి జాలిగొలిపే గతం కాక, లోకాన్ని శాసించగల స్థానం దక్కింది. పాఠకుని సానుభూతి పాత్ర చేసిన పనిని బట్టే కాక, ఆ పాత్రను రచయిత నిలిపిన చోటును బట్టి కూడా మారుతుందని ఈ రెండు ఉదాహరణలు తెలుపుతున్నాయి.

ఆలంకారికుల దృష్టి

ప్రతినాయకుడు లుబ్ధుడు, ధీరోద్ధతుడు, మొండివాడు, పాపి, వ్యసనపరుడు అని ధనంజయుని దశరూపకం నిర్వచించింది. రావణ దుర్యోధనులు దీనికి ఉదాహరణలుగా ప్రసిద్ధులు. ఈ నిర్వచనంలో ప్రతినాయకుని గతానికి చోటు లేదు. దండి కావ్యాదర్శంలో ఒక అడుగు ముందుకు వేశాడు. శత్రువు వంశాన్ని, పరాక్రమాన్ని, విద్యను వర్ణించి, అటువంటివానిని జయించడం ద్వారా నాయకుని ఔన్నత్యాన్ని చూపడం తనకు ప్రీతికరమన్నాడు. అయితే ఆ ఔన్నత్యం నాయకుని కోసమే. ప్రతినాయకునికి తనదైన కారణం ఉండవచ్చునన్న ఆలోచన లక్షణగ్రంథాల కంటె పురాణంలోను, జానపద ప్రదర్శనలోను బలంగా కనిపిస్తుంది.

బంగారు వాకిలి కాపరులు

తిరుమల ఆలయంలో బంగారు వాకిలికి ఇరువైపులా జయవిజయులు నిలిచి ఉంటారు. భాగవత కథ ప్రకారం సనకాది మునులను అడ్డగించి, శాపగ్రస్తులై, హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, రావణ కుంభకర్ణులుగా, శిశుపాల దంతవక్త్రులుగా పుట్టినవారు వీరే. మూడు జన్మల్లోనూ హరికి విరోధులు. సంచిక సంచికకూ తిరిగి వచ్చే చిత్రకథల ప్రతినాయకునికి ఇది మన పురాణం చూపిన పూర్వరూపం. ఇందులో కారణముంది, అది శాపం. గమ్యముంది, అది తిరిగి స్వామి సన్నిధి. వైరంతో తలచినా భగవంతుని చేరవచ్చునని పోతన భాగవతం సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుకు చెబుతాడు. అయినా ఏ జన్మలోనూ వధ తప్పలేదు. ప్రహ్లాదుని హింస హింసగానే మిగిలింది. క్రకోవాలో పౌరసత్వంతో పాటు పాత నేరాలకు క్షమాభిక్ష దొరికింది. వైకుంఠ ద్వారం చేరడానికి శిక్ష పూర్తి కావలసి వచ్చింది.

మట్టి దుర్యోధనుడు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో, ముఖ్యంగా పుత్తూరు, నగరి ప్రాంతాల్లో, ద్రౌపదీ ధర్మరాజుల గుడుల వద్ద మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం సాగి, చివర దుర్యోధన వధ, అగ్నిగుండ ప్రవేశం ఉంటాయి. ఊరి బయలులో నేలమీద పడుకొన్న దుర్యోధనుని మహాకాయాన్ని మట్టితో మలచుతారు. భీముని పాత్రధారి ఆ తొడను గదతో మోదుతాడు. ద్రౌపది పాత్రధారి విడిచిన జుట్టు ముడుచుకొంటుంది. ఉత్సవంలోకెల్లా పెద్ద రూపం ప్రతినాయకునిదే కావడం గమనార్హం. కొన్నిచోట్ల ఆ మట్టిని శుభప్రదంగా ఇళ్లకు తీసుకొనిపోతారు. దండి కోరిన ఔన్నత్యాన్ని ఇక్కడ కుమ్మరిపని సాధించింది. ఆ ఔన్నత్యం ఫలం నాయకునికి మాత్రమే కాక ఊరికీ అందుతున్నది. అయినా ద్రౌపది జుట్టు ముడుచుకొనే ఘట్టాన్ని వాయిదా వేసే ప్రసక్తి లేదు. జరిగిన అవమానం ఎవరిదో ప్రదర్శన మరువనివ్వదు.

వాదం, చర్య

1977 జనవరి 14న విడుదలైన దానవీరశూరకర్ణలో కొండవీటి వేంకటకవి సంభాషణలు సుయోధనుని నోట కులప్రశ్నను పలికించాయి. కర్ణుని కులమడిగిన సభను ఆ పెద్దల జన్మవృత్తాంతాలతోనే అతడు నిలదీస్తాడు. త్రిపురనేని రామస్వామి కురుక్షేత్ర సంగ్రామంలో కౌరవ పక్షం వహించడం వెనుకనూ సామాజిక ధిక్కారమే ఉన్నది. ఆ ప్రశ్న న్యాయమైనది. అడిగినవాడు ద్రౌపదిని సభకు ఈడ్పించినవాడైనంత మాత్రాన ప్రశ్న విలువ తగ్గదు. ప్రశ్న గొప్పదైనందువల్ల ఆ ఈడ్పు ఒప్పు కాదు. మాగ్నెటోపై చర్చలోనూ ఈ రెండు వాక్యాలను కలిపి పలకగలగాలి.

ఈ భేదం చెదిరితే ఏమవుతుందో 2024లో వచ్చిన ప్రశాంత్ వర్మ చిత్రం హనుమాన్ చూపింది. అందులో మైఖేల్ సూపర్ హీరోల వీరాభిమాని. వారందరూ తల్లిదండ్రులను పోగొట్టుకున్నవారని గ్రహించి, తాను వారివలె కావడానికి తన తల్లిదండ్రులను తానే పొట్టనపెట్టుకొంటాడు. గాయాన్ని అర్హతగా చదివిన పాఠకుడు అతడు. ప్రతినాయకుని కారణాన్ని అతని నిర్దోషిత్వంగా చదివే వ్యాఖ్యానమూ ఇటువంటి పొరపాటే చేస్తున్నది.

ముగింపు

ప్రతినాయకుని పక్షాన్ని వినడం విమర్శకు అవసరం. వినకపోతే కులప్రశ్నవంటివి సభలోనే అణగిపోతాయి. అయితే వినడం ఒక పని, తీర్చడం మరొక పని. ప్రతినాయక పాత్రల పరిశీలనలో ఔన్నత్యం, కారణం, వాదం, చర్య అనే నాలుగింటిని విడివిడిగా తూచడం మేలు. మొదటి మూడింటిలో ప్రతినాయకుడు నెగ్గవచ్చు. నాలుగవదానిలో మాట చెల్లవలసినది నష్టపోయినవారిది. ఈ కొలమానాన్ని కొత్తగా కల్పించుకోనక్కరలేదు. భారతం ఆడే ఊళ్లు ప్రతినాయకుని మట్టిని ఇంటికి తెచ్చుకొంటూనే ద్రౌపది పక్షాన నిలుస్తున్నాయి.