కొమ్మను నరకొద్దు, పైకెత్తే తీగ కట్టండి

అహోబిలంలోని నవ నారసింహ క్షేత్రాల్లో పావన నరసింహస్వామి గుడి అడవి లోలోపల ఉంటుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా దిగువ అహోబిలం దాకా తారురోడ్డు మీద కారు హాయిగా వస్తుంది. అక్కడి నుంచి పావనానికి పోవాలంటే కాలినడక, లేదంటే జీపు. ఆ జీపు దారి నల్లమల మధ్యలోంచి రాళ్ల మీదుగా, వంకల్లోకి దిగి ఎక్కుతూ సాగుతుంది. జీపు ఎక్కినవాళ్లు కింద రాళ్లను చూసి కడ్డీ గట్టిగా పట్టుకుంటారు. నడిపేవాడి చూపు మాత్రం సగంసేపు పైనే ఉంటుంది. చక్రం రాయినెక్కి దిగిపోగలదు, ఎదురొచ్చే కొమ్మ మాత్రం నేరుగా అద్దం మీదికే వస్తుంది.

వానలు పడి అడవి చిక్కబడ్డాక ఈ బెడద ఇంకా ఎక్కువ. నల్లమలలో టేకు నిటారుగా పెరుగుతుంది కాబట్టి దారికి పెద్దగా అడ్డం రాదు. వెదురుతోనే చిక్కు. గుంపుగా లేచి, తన ఆకుల బరువుకు తానే వంగి, రెండు పక్కల నుంచీ దారి మీద పందిరి వేస్తుంది. వాగుల పక్కన ముళ్ల వెదురు, గట్ల మీద రేగు, పరికి కంపలు. ఇవి వైపర్లను పట్టి లాగుతాయి, పక్క అద్దాలను వెనక్కి విరుస్తాయి, గుడారం గుడ్డను చీలుస్తాయి. పాత మహీంద్రా జీపుల ముందు అద్దం దాదాపు నిలువుగా ఉంటుంది. నిలువు గోడకు తగిలిన కొమ్మకు జారిపోయే చోటు లేదు. అది విల్లులా వంగుతుంది, వంగినంత వంగి విరుగుతుంది, లేదా అద్దమే పగులుతుంది.

దీనికి మనవాళ్లకు తెలిసిన విరుగుడు మచ్చుకత్తి. బండి ఆపి, దిగి, నరికి, మళ్లీ ఎక్కడం. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా కొమ్మ నరకడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. అభయారణ్యంలో అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా తోడవుతుంది. నంద్యాల, గిద్దలూరుల మధ్య గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉంది, ఉత్తరాన నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. పెద్దపులి ఉత్తరం నుంచి శేషాచలం కొండల వైపు కదలడానికి వాడుకునేది ఈ అడవినే. చట్టం సంగతి పక్కన పెట్టినా నరుకుడు పనికిరాని పని. కొమ్మ కొసను తెగ్గొడితే ఆ కణుపు దగ్గర రెండు మూడు చిగుళ్లు పుడతాయి. ఈ ఏడు ఒక కొమ్మ అడ్డం వచ్చిన చోట వచ్చే ఏడు పొద వస్తుంది. కత్తి పట్టినవాడు ఏటా కత్తి పడుతూనే ఉండాలి.

ఇంకో పద్ధతి ఉంది. ఆస్ట్రేలియా పొదల్లో బండ్లు నడిపేవాళ్లు ఏనాటి నుంచో వాడుతున్నది, ఖరీదు తక్కువ, వెల్డింగ్ షెడ్డులో ఒక పూటలో అయ్యే పని. బండి ముందు రెండు మూలల నుంచి పైకప్పు రెండు మూలలకు చెరొక ఇనుప తాడు ఏటవాలుగా కట్టడమే. అడ్డం వచ్చిన కొమ్మ ముందు ఆ తాడుకు తగులుతుంది. బండి ముందుకు పోయేకొద్దీ తాడు మీద పైకి జారి, కప్పు దాటి, తన చోటుకు తాను చేరుతుంది. వరిగడ్డి లారీ మీద కూర్చున్నవాడు పంగల కర్రతో కరెంటు తీగలను ఎత్తిపట్టి లారీని కింద నుంచి పోనిచ్చే పనిని ఇక్కడ తాడు చేస్తుంది. కొమ్మ మిగులుతుంది, అద్దమూ మిగులుతుంది.

జీపు ముందు భాగాన్ని అడ్డంకుల కోసం తీర్చిదిద్దడం జీపు పుట్టిన కాలం నాటిదే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం రోడ్డుకు అడ్డంగా మెడ ఎత్తున సన్నని తీగలు కట్టేది. అద్దం మడిచి నడిపే అమెరికన్ సైనికులకు అవి ప్రాణాంతకం. దాంతో విల్లీస్ జీపుల ముందు బంపరుకు నిలువుగా ఒక ఇనుప యాంగిలు వెల్డింగు చేసి, పైకొసన తీగను పట్టి తెంపే కొక్కెం పెట్టారు. 1947 నుంచి మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించి అమ్మింది ఆ విల్లీస్ జీపునే. ఆ తర్వాత 1980 నుంచి 2000 దాకా జరిగిన క్యామెల్ ట్రోఫీ యాత్రల్లో బోర్నియో, అమెజాన్ అడవుల్లోకి దిగిన ల్యాండ్ రోవర్ల ఫొటోలు చూడండి. ముందు కడ్డీ నుంచి కప్పు మీది క్యారియర్ దాకా బిగిసిన తాళ్లు కనిపిస్తాయి. యుద్ధకాలపు కొక్కెం అడ్డాన్ని తెంపేది. ఈ తాడు అడ్డాన్ని దాటిస్తుంది. నాకు నచ్చింది ఆ తేడాయే.

ఇక పనితనం. అంతా వాలులో ఉంది. బంపరు మూలల్లో మడ్‌గార్డు ఎత్తు దాకా పొట్టి పైపు గుంజలు నిలబెట్టామనుకుందాం. గుంజ కొస నుంచి కప్పు మూల దాకా అడ్డంగా నాలుగున్నర అడుగులు, ఎత్తు మూడు అడుగులు అయితే తాడు వాలు సుమారు 34 డిగ్రీలు, పొడవు అయిదున్నర అడుగుల లోపు. బెరడుకు, ఇనుముకు మధ్య రాపిడి ఉన్నా ఈ వాలులో కొమ్మ జారుతుంది. వాలు 60 డిగ్రీలు దాటిందంటే జారడం తగ్గి తాడుకే పట్టుకుంటుంది, అప్పుడు తాడు ఉన్నా లేనట్టే. కాబట్టి ముందు గుంజను వీలైనంత ముందుకు పెట్టాలి. మడ్‌గార్డు రేకుకు మాత్రం తాడు కట్టకూడదు, మొదటి వెదురుకే రేకు వంగిపోతుంది. గుంజను బంపరు ఛానలుకే రెండు బోల్టులతో బిగించి, వెనకవైపు ఒక సపోర్టు పట్టీ వేయించాలి. తాడు లాగేది వెనక్కే గనక ఆ పట్టీ లేకపోతే గుంజ ఒరిగిపోతుంది.

పై కొసన చాలామంది పొరపడే చోటు ఒకటుంది. జీపు అద్దం ఫ్రేము ముందుకు మడిచేందుకు వీలుగా కింద కీళ్ల మీద నిలబడి ఉంటుంది. తాడు దాన్ని ఎప్పుడూ ముందుకే లాగుతుంటే ఆ కీళ్లు వదులవుతాయి. అందుకని తాడును ఫ్రేముకు కాకుండా గుడారం మోసే ముందు ఇనుప కమానుకో, కప్పు మీది క్యారియర్‌కో కట్టాలి. అక్కడ నట్టు, కొక్కెం లాంటివి పైకి పొడుచుకు వస్తే పైదాకా జారిన తీగలు, ముళ్లు చివర్లో చిక్కుకుంటాయి. పై ముడి నునుపుగా ఉండాలి.

తాడు ఎంత బిగించాలి? వీణ తంతిలా మోగేంత బిగిస్తేనే గట్టిదని అందరూ అనుకుంటారు. లెక్క వేస్తే తెలుస్తుంది అది ఎంత తప్పో. అయిదున్నర అడుగుల తాడు నడిమధ్యన 50 కిలోల తోపు పడిందనుకోండి. తాడు రెండంగుళాలే వంగేంత బిగువుగా ఉంటే రెండు కొసల మీదా 400 కిలోలకు పైగా లాగు పడుతుంది. నాలుగంగుళాలు వంగనిస్తే అదే తోపుకు లాగు 200 కిలోల దగ్గరికి తగ్గుతుంది. బిగువు పెరిగేకొద్దీ బరువంతా గుంజల మీదికి, కమాను మీదికి పోతుంది. బొటనవేలితో మధ్యలో గట్టిగా నొక్కితే కొంచెం లోపలికి పోయేలా ఉంటే చాలు. వదులు తాడు గతుకుల్లో కొట్టుకుని చప్పుడు చేస్తుందనేవాళ్లు ప్లాస్టిక్ తొడుగున్న తాడు తీసుకోవచ్చు. తొడుగు నల్లదైతే ఎండలో కళ్లలోకి మెరుపు కొట్టదు.

సరుకంతా మామూలు హార్డ్‌వేర్ కొట్టులో దొరికేదే. నాలుగు మిల్లీమీటర్ల జీఐ వైర్ రోప్, కొసలకు థింబుల్స్, యు క్లాంపులు, ఒక్కో పక్కకు ఒక టర్న్ బకిల్, ఒక డి షాకిల్. కరెంటు స్తంభాలకు కట్టే స్టే వైరు చవగ్గా వస్తుందని దాన్ని వాడొద్దు. దాని పోగులు లావు, వంపు తిరగదు, థింబుల్ చుట్టూ కుదురుగా కూర్చోదు. యు క్లాంపు వేయడంలో ఒక పద్ధతి ఉంది, అది తప్పితే మిగతా పనంతా దండగ. క్లాంపులో గాడి ఉన్న దిమ్మ లాగు మోసే పొడుగు తాడు మీద కూర్చోవాలి, వంపు బోల్టు తెగ్గోసిన పొట్టి కొస మీద పడాలి. తిరగేసి వేస్తే బోల్టు వంపు అసలు తాడునే నలిపేస్తుంది. ఒక్కో కొసకు మూడు క్లాంపులు అంగుళం ఎడంతో వేసి, మొదటి ప్రయాణం అయ్యాక మళ్లీ ఒకసారి బిగించాలి. తాడు మొదట లాగు తిన్నప్పుడు కొంచెం సన్నబడి క్లాంపులు వదులవుతాయి. తెగ్గోసిన కొస పోగులు విడిపోయి చేతికి గుచ్చుకోకుండా టేపు చుట్టండి.

నాలుగు మిల్లీమీటర్ల తాడు తెగాలంటే తొమ్మిది వందల కిలోల ప్రాంతంలో లాగు కావాలి. అంటే తాడు తెగేలోపే గుంజో, కమానో వంగుతుంది. ఒక లావాటి కొమ్మ తాడుకు అడ్డంగా తగులుకున్నప్పుడు ముందుగా వదిలేసే బలహీనమైన చోటు ఒకటి మనమే పెట్టుకోవాలి. ఇంటి పైకప్పు పనిలో ఇనుప కమ్మీలు కట్టే 18 గేజి బైండింగ్ వైరు మూడు చుట్లు వేస్తే అది రెండు, మూడు వందల కిలోల మధ్య తెగుతుంది. దాన్ని పై కొసనే వేయాలి. కింది కొస తెగితే తాడు అద్దం వైపుకు, మనుషుల మీదికి విసురుగా వస్తుంది. పైన తెగితే బానెట్ మీదికి పడుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోకుండా తాడు కట్టడం కన్నా కట్టకపోవడం మేలు.

ఈ తాడు మోయనివీ ఉన్నాయి. మణికట్టంత లావు కొమ్మకు, మానుకు ఇది మందు కాదు. బండి నడక వేగంతో పోతున్నప్పుడే కొమ్మ జారుతుంది. వేగం పెరిగితే అదే కొమ్మ దెబ్బ అవుతుంది. పైగా తాడు మీద జారి కప్పు మూల దాటిన కొమ్మ ఒక్కసారిగా వెనక్కి కొడుతుంది. గుడారం లేని జీపులో ఆ దెబ్బ వెనక కూర్చున్నవాళ్ల ముఖాలకు తగులుతుంది. కప్పు లేని బండికి ముందు తాళ్లు కట్టి ఊరుకోకూడదు, ఇనుప కమానుల వెంట వెనకదాకా ఇంకో తాడు లాగాలి. యాత్రికులు చేతులు బయట పెట్టకుండా చూసుకునే పని ఎంత తాడు కట్టినా డ్రైవర్‌దే.

రోడ్డు చట్టం సంగతి కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడానికి వీల్లేదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ముందు గార్డు కడ్డీలున్న బండ్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. ఆ నియమం న్యాయమైనదే. బజారులో పొడుచుకొచ్చిన గుంజ, బిగిసిన తాడు నడిచేవాళ్లకూ సైకిళ్లవాళ్లకూ ప్రమాదం. కాబట్టి గుంజలను, తాళ్లను రెండు నిమిషాల్లో విప్పి లోపల పెట్టుకునేలా చేయించుకోవాలి. డి షాకిల్ పెట్టేది అందుకే.

అహోబిలం, రుద్రవరం వైపు, నంద్యాల గిద్దలూరు దారి పక్కన అడవి బాటల్లో బండి నడిపేవాళ్లకు నాదొక విన్నపం. ఈ ఏడు వానలకు ముందు మీ జీపుకు తాళ్లు కట్టించండి. మచ్చుకత్తి ఇంట్లో పెట్టండి. అడవి దాటి తారురోడ్డు ఎక్కే ముందు బండి ఆపి, షాకిళ్లు విప్పి, గుంజలు ఊడదీసి సీటు కింద పెట్టుకోండి.