ఓటీపీ ఎవరి ఫోనుకొస్తుంది?

ఈ వారం నాకు ఒళ్లు మండించింది గ్యాస్ ఓటీపీ. గాజువాకలో మా పక్కింటి మామ్మగారి గుమ్మంలో సిలిండర్ దిగింది. కుర్రాడు కోడ్ అడిగాడు. అది కాస్తా డాలస్‌లో కొడుకు ఫోనుకెళ్లింది. "బండొచ్చింది గానీ నంబరు నిద్రోతంది బాబూ" అందావిడ. మన విశాఖ పోర్టు పక్కన కొండరాతి కింద 60 వేల టన్నుల గ్యాస్ పట్టే గుహ 2007 నుంచి ఉంది. మామ్మగారికి 14.2 కిలోలు గడప దాటి రాలేదు.

పిల్లలకు పెద్ద చదువులు చెప్పిస్తే ముసలితనంలో పొయ్యికి దిగుల్లేదంటారు. ఆ మాటతో నాకెప్పుడూ పేచీయే, పాత పాఠకులకు తెలుసు. పెద్ద చదువు పిల్లల్ని విమానమెక్కిస్తుంది, పెద్దాళ్లకి బిల్లు మాత్రం కడుతుంది అంటాను. కానీ మా అప్ప సంగతి తలుచుకుంటే ఆ వాదన నిలబడదు.

అప్పట్లో మా అమ్మది రంపప్పొట్టు పొయ్యి. నాన్న పోర్టులో కలాసీ, వస్తూ వస్తూ అడితిలో గోనెడు పొట్టు తెచ్చేవాడు. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి పిడికిలితో దట్టించాలి. తర్వాత సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి. చెయ్యి వణికిందా, పొట్టంతా కూలేది, మళ్లీ మొదలు. కింది కన్నంలో పుల్ల ఎగదోస్తే పూటంతా రాజుకునేది. అమ్మ దగ్గూ అంతసేపే.

1999లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్లు. "పేలిపోద్దే" అని అమ్మ మొండికేసింది. డిగ్రీ చదువుతున్న అప్ప ఫారం నింపి ఊరుకోలేదు. రెగ్యులేటర్ అమ్మ చేతే బిగించింది, అమ్మ చేతే విప్పించింది. సబ్బు నురగ రాసి లీకు చూడ్డం నేర్పింది. ఆ తర్వాత మా వీధిలో ఎవరికి సిలిండర్ వచ్చినా అమ్మనే పిలిచేవారు.

చదువు తప్పేం లేదు. చదువుకున్నవాళ్లు అన్నీ తామే చేసిపెట్టి, పెద్దాళ్లను చేతగానివాళ్లను చేస్తున్నారు, అదీ తప్పు. దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమే. అయితే ముందు కట్టాలి, ఆ డబ్బు తర్వాత ఖాతాలో పడుతుంది. పడిందో లేదో చూసుకోవడం తెలియాలి. ఇంటిమీద సోలార్‌కు కేంద్రం 78 వేల దాకా సబ్సిడీ ఇస్తోంది. దానికీ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే.

సంక్రాంతికొచ్చే పిల్లలూ! చీరలు తర్వాత కొందురుగాని. అమ్మ పక్కన కూర్చుని, ఫోను ఆవిడ చేతిలోనే ఉంచి, ఇవన్నీ నేర్పి వెళ్లండి.