సెలవులకు ఏ విమాన పుస్తకం?

సెలవులలో మారిషస్ నుండి నేపర్‌విల్‌లోని బంధువుల ఇంటికి వెళ్ళి మేము రెండు విమాన చరిత్రలు చదివాము. డేవిడ్ మెకల్లా 'ది రైట్ బ్రదర్స్' (2015) హాయిగా సాగుతుంది. కాని మా మనసును పట్టుకొన్నది డోరిస్ రిచ్ వ్రాసిన 'క్వీన్ బెస్' (1993).

టెక్సస్ పత్తిచేలలో పెరిగిన నల్లజాతి యువతి బెస్సీ కోల్‌మన్, నేపర్‌విల్‌కు దగ్గరనున్న షికాగోలో గోళ్ళు తీర్చే పని చేస్తూ ఫ్రెంచి నేర్చుకొన్నది. అమెరికాలో తనకు విమాన విద్య నేర్పేవారు లేక ఫ్రాన్సు వెళ్ళి, 1921లో లైసెన్సు పొందినది. ఆమె వయసు తగ్గించి చెప్పుకొన్న సంగతిని కూడా రచయిత్రి దాచలేదు. అయినా మన గౌరవం తగ్గదు.

చెరకుతోటల్లో చెమటోడ్చిన మన పెద్దలను గూర్చి మన సన్మాన సంచికలు పొగడ్తలే వ్రాస్తున్నవి. వారి లోపాలతో సహా వ్రాసినప్పుడే మన పిల్లలు వారిని మనుషులుగా గుర్తిస్తారు.