ఒంట్లో సైన్యం ఉందన్నదెవరు?

పద్యంలో స్త్రీని లతతో పోలిస్తే ఆ పోలిక వెనక ఏముందో మనం వెంటనే అడుగుతాం. స్త్రీవాద విమర్శ మనకు నేర్పిన అలవాటది. కానీ బడి పాఠంలో తెల్ల రక్తకణాలు మన ఒంటిని కాపాడే సైనికులని చదివినప్పుడు అదీ ఒక పోలికేనని గుర్తించం. నిజమనుకుని పరీక్షలో రాసి వస్తాం. సైన్స్ భాష కూడా భాషే. అది ఎవరి అనుభవంలోంచి వచ్చిందో అడగాల్సిన పని సాహిత్యం చదివినవాళ్ళకి కూడా ఉంది.

అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎమిలీ మార్టిన్ 1990లో ఒక వ్యాసంలో, ఆ తర్వాత 1994లో 'ఫ్లెక్సిబుల్ బాడీస్' పుస్తకంలో ఈ పని చేసింది. రోగనిరోధక శాస్త్రాన్ని జనానికి వివరించే రాతల్లో శరీరం ఒక దేశం, చర్మం సరిహద్దు, క్రిమి చొరబాటుదారు. ఆ సైన్యంలోనూ కులాలూ లింగ భేదాలూ ఉన్నాయని ఆమె చూపించింది. చెత్తను మింగి శుభ్రం చేసే మాక్రోఫేజ్‌లకి ఇల్లు ఊడ్చే ఆడమనిషి పాత్ర. చంపే టి కణాలకి మగ వీరుల పాత్ర. కణాలకి ఆడామగా లేకపోయినా వాటి గురించి రాసేవాళ్ళ తలలో ఉన్నారు.

మరి యాంటీబాడీలు ఎక్కడినుంచి వస్తాయో మొదట గట్టి రుజువులతో చూపించిందెవరు? ఆస్ట్రిడ్ ఫాగ్రేయస్ అనే స్వీడన్ స్త్రీ. 1948లో, తన ముప్ఫయ్యైదో ఏట, పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథంలో ఆ సంగతి రాసింది. కుందేళ్ళ ప్లీహం ముక్కల్ని గాజుపాత్రల్లో పెంచి, ప్లాస్మా కణాలు ఎక్కువగా ఉన్నచోటే యాంటీబాడీలు ఎక్కువగా తయారవుతున్నాయని చూపించింది. ఆ ప్లాస్మా కణాలు బి కణాల నుంచి పుడతాయని తర్వాత తేలింది. బి అన్న అక్షరం 'బర్సా' నుంచి వచ్చింది. అది కోడిపిల్లల్లో ఉండే చిన్న సంచి. దాన్ని తీసేసిన కోళ్ళు యాంటీబాడీలు సరిగా తయారుచేయలేకపోతున్నాయని గ్లిక్, చాంగ్ 1956లో ఒక కోళ్ళ శాస్త్ర పత్రికలో అచ్చువేశారు.

బి కణం చేసే పని చూస్తే సైనికుడి పోలిక ఎంత కురచదో అర్థమవుతుంది. దాని ఒంటినిండా గ్రాహకాలుంటాయి, సుమారు లక్ష. అన్నీ ఒకే అచ్చు. కానీ పక్క కణం మీదున్నవి వేరు. జన్యువుల ముక్కల్ని ఏరి, కత్తిరించి, కొత్త వరసలో కలిపి ఏ కణానికా కణం తన గ్రాహకాన్ని తయారుచేసుకుంటుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే తొనెగావాకి 1987లో నోబెల్ వచ్చింది. తనకు సరిపోయే వస్తువు తగిలితే ఆ కణం అనేకమవుతుంది, గ్రాహకాన్ని ఇంకా దిద్దుకుంటుంది. చివరికి అదే గ్రాహకాన్ని యాంటీబాడీగా బయటికి వదులుతుంది. దీనిలో నాకు కనిపించేది యుద్ధం కంటే ఎక్కువగా రచన. రాసి, కొట్టేసి, తిరిగి రాసే పని.

మన దగ్గరికి వద్దాం. ఇందిరా నాథ్ పేరు మన సాహిత్య సభల్లో వినిపించదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో కుష్ఠు వ్యాధి మీద దశాబ్దాలు పని చేసింది. 2002లో లోరియల్-యునెస్కో పురస్కారం అందుకుంది. హైదరాబాద్‌లో లెప్రా సంస్థ వారి బ్లూ పీటర్ పరిశోధనా కేంద్రానికి డైరెక్టర్‌గా ఉంది. 2021లో చనిపోయింది. ఆమె చదివిన జబ్బే సైన్యం కథని తలకిందులు చేస్తుంది. లెప్రోమాటస్ రకం కుష్ఠులో బి కణాలు యాంటీబాడీల్ని పుష్కలంగా చేస్తాయి. అయినా రోగికి రక్షణ ఉండదు. క్రిమి కణాల లోపల దాక్కుని ఉంటే యాంటీబాడీ అక్కడికి చేరలేదు. చేయాల్సిన టి కణాలేమో ఆ క్రిమికి స్పందించవు. ఆ మౌనం ఎందుకన్నదే ఆమె ప్రశ్న. ఎంతమంది సైనికులున్నారని లెక్కపెడితే ఈ ప్రశ్న పుట్టదు. ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారని అడిగితే పుడుతుంది.

శాస్త్రవేత్త అయిన స్త్రీ గురించి మన పత్రికల మహిళా పేజీలు రాసేటప్పుడు ఇల్లూ ల్యాబూ ఎలా సమన్వయం చేసుకుందో రాస్తారు. ఆమె అడిగిన ప్రశ్న ఏమిటో రాయరు. ఆమె జీవితాన్నీ యుద్ధంగానే చెప్పి, గెలిచింది అని ముగిస్తారు. ఆలోచన మాత్రం కథలోకి రాదు.

ఈ పోలికల వల్ల నష్టమేమిటని అడగొచ్చు. మా అత్త సంగతి చెప్తాను. మార్కాపురంలో పలకల పని చేసేది. తెలుగు పిల్లలు తరతరాలుగా అఆలు దిద్దుకున్న పలకలు అక్కడివే. ముప్ఫై దాటాక ఆమెకి కీళ్ళనొప్పులు, ముఖాన ఎర్రటి మచ్చలు, జుట్టు రాలటం మొదలయ్యాయి. దిష్టి అన్నారు, గాలి అన్నారు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో కర్నూలు నుంచి విడిపోయి ఒంగోలు జిల్లాలో, తర్వాతి ప్రకాశంలో, కలిసినా పెద్ద జబ్బుకి మావాళ్ళ కాళ్ళు ఇంకా కర్నూలు వైపే పోతాయి. అక్కడొక డాక్టరు అది లూపస్ అని చెప్పి, "నీ సైన్యం నీమీదే తిరగబడిందమ్మా" అన్నాడు. అర్థమవ్వాలనే అన్నాడేమో. అత్తకి అర్థమైంది వేరు. "నా ఒళ్ళే నాకు శత్రువైతే ఇంకెవర్ననేది?" అంది.

లూపస్ రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలు. అంటే ఈ 'ఇంటిదొంగ' నింద మోసేది ఎక్కువగా ఆడవాళ్ళే. కానీ బి కణాల పరిశోధన ఆ నింద తప్పని చెప్తోంది. 2003లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో, నుస్సెన్‌జ్వైగ్ ల్యాబ్‌లో, హెడ్డా వార్డెమన్ అనే పరిశోధకురాలు ఆరోగ్యవంతుల బి కణాల్ని ఒక్కొక్కటిగా తీసుకుని వాటి గ్రాహకాల్ని పరీక్షించింది. ఎముక మజ్జలో అప్పుడే తయారవుతున్న కణాల్లో 55 నుంచి 75 శాతం సొంత శరీరాన్ని పట్టుకునేవే! వాటిలో చాలావాటిని శరీరం దిద్దుతుంది, లేదా తొలగిస్తుంది. అంటే అత్త ఒంట్లో ఉన్న 'శత్రువు' నా ఒంట్లోనూ ఉంది, ఆ డాక్టరు ఒంట్లోనూ ఉంది. తేడా ఆ దిద్దుబాటు ఎక్కడ చెడిందన్నదే.

ఎందుకు చెడింది? జన్యువులు, హార్మోన్లు, ఎండ, అంటురోగాలు అని చెప్తారు. ఆ జాబితాలో సిలికా దుమ్ము కూడా ఉంది. 1914లోనే బ్రామ్‌వెల్ అనే డాక్టరు రాళ్ళు చెక్కేవాళ్ళలో చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మాని గమనించాడు. 1953లో కాప్లన్ వేల్స్ బొగ్గుగని కార్మికుల్లో దుమ్ము పట్టిన ఊపిరితిత్తులూ కీళ్ళవాతమూ కలిసి రావడం చూశాడు. సిలికా దుమ్ముకీ లూపస్‌కీ సంబంధం ఉందని తర్వాత వచ్చిన అధ్యయనాలు చెప్పాయి. ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్‌లు ఆ రేణువుల్ని మింగి, అరిగించుకోలేక చచ్చిపోతాయి. లోపలి పదార్థమంతా బయటపడుతుంది. అది ఏళ్ళ తరబడి జరిగితే ఊరుకుని ఉన్న బి కణాలు మేలుకుంటాయి. పలక కోసినా అరగదీసినా లేచేది సిలికా ఉన్న దుమ్మే.

అత్త జబ్బుకి ఆ దుమ్మే కారణమని నేననను. ఒక్క మనిషి విషయంలో అలా తేల్చి చెప్పలేం. నా అభ్యంతరం వేరు. ఆమెని చూసినవాళ్ళెవరూ "ఏం పని చేస్తావమ్మా?" అని అడగలేదు. యుద్ధం లోపలే జరుగుతోంది, శత్రువు లోపలే ఉందంటే షెడ్డు వైపు చూడాల్సిన పని లేదు కదా. ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళని, కూలిని, యజమానిని ఎవరూ చూడరు. పోలిక చేసే రాజకీయం ఇదే. అది అబద్ధం చెప్పక్కర్లేదు. ఒక ప్రశ్న పుట్టకుండా చేస్తే చాలు.

విచిత్రమేమంటే సరైన మాట మన పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. రిసెప్టర్‌ని గ్రాహకం అన్నారు. గ్రహించడమంటే తెలుగులో పుచ్చుకోవడమూ అవును, అర్థం చేసుకోవడమూ అవును. సైన్యాన్ని వదిలి ఈ మాట దగ్గర మొదలుపెడితే, జబ్బుని తిరుగుబాటు అనకుండా గ్రహింపులో వచ్చిన చిక్కు అనొచ్చు. అప్పుడు ఆ చిక్కు ఎక్కడ పడిందని అడగాల్సి వస్తుంది. ఒంట్లోనూ వెతకాలి, పలకల షెడ్డులోనూ వెతకాలి.