నీళ్ళకు నాలుగు గోడలు

చేపను మనం చిన్నప్పటి నుంచీ పైనుంచే చూస్తాం. చెరువు గట్టు మీద నిలబడితే కనిపించేది నల్లటి వీపు, అదీ క్షణం సేపు. సంతలో గంప దగ్గర కూర్చుంటే పక్కవాటు కనిపిస్తుంది కానీ అప్పటికి ప్రాణం పోయి ఉంటుంది, రంగు సగం ఆరిపోయి ఉంటుంది. ఈదుతున్న చేపకు ఎదురుగా కూర్చుని, దాని కంట్లో కన్ను పెట్టి చూడాలంటే నీటికి గోడ కట్టాలి. ఆ గోడ మనకు కనిపించకూడదు. అక్వేరియం అనే వస్తువులోని పనితనమంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

విశాఖపట్నంలో ఉండి ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఈ తీరంలో దొరికిన రెండు వందల చేపలకు బొమ్మలు గీయించి, వర్ణనలు రాసి, 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. ఎన్నో చేపలకు ఇక్కడి జనం పిలిచే పేర్లే రాసుకున్నాడు. ఆ బొమ్మల్లో చేపలు చాలావరకు పక్కకు తిరిగి ఉంటాయి. చేప అందం పక్కవాటులో ఉందని బొమ్మ గీసే చేతికి తెలుసు. అదే అందాన్ని ప్రాణంతో చూడడానికి ఇంకో యాభై ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త గాజు తొట్టిలో గోల్డ్ ఫిష్‌ను, నీటి మొక్కను, నత్తలను కలిపి పెట్టి, ఒకదాన్ని ఒకటి బతికించుకుంటాయని చూపించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో జనం చూడడానికి చేపల ఇల్లు తెరిచారు. ఆ తొట్టెలకు ఇనుప చట్రాలుండేవి, సందుల్లో లప్పం కూరేవారు. చట్రం లేకుండా గాజుకు గాజు అతికించి నీళ్ళు నిలపడం సిలికాన్ జిగురు వచ్చాకే, అంటే గత శతాబ్దం రెండో సగంలోనే వీలైంది.

ఆ పని నేను దగ్గరుండి చూసింది మా నర్సీపట్నంలో. చింతపల్లి మన్యానికి వాకిలి లాంటి ఊరు ఇది. ఇక్కడ అక్వేరియం కావాలంటే కిటికీలకు అద్దాలు, దేవుడి పటాలకు ఫ్రేములు వేసే దుకాణానికి వెళ్ళి కొలత చెప్పాలి. నేను చెప్పిన కొలత రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇంతకంటే చిన్నది వద్దు. తొట్టి చిన్నదైన కొద్దీ చేసిన పొరపాటు తొందరగా విషమవుతుంది. నీళ్ళు కాస్త ఎక్కువుంటే తప్పు దిద్దుకునే వ్యవధి దొరుకుతుంది.

దుకాణం మేస్త్రీ మొదట కాగితం మీద లెక్క వేశాడు. అడుగు వెడల్పుందని పక్క పలకల్ని అడుగుకు కోస్తే కుదరదు. అవి ముందు పలకకూ వెనక పలకకూ మధ్యలో కూర్చోవాలి. అద్దం మందం 5 మిల్లీమీటర్లు, రెండు వైపులా కలిపి 10. జిగురు పొరకు అటొకటి ఇటొకటి, మొత్తం 2. అంటే 12 మిల్లీమీటర్లు తగ్గించాలి. ఈ తీసివేతలో ఒక్క మిల్లీమీటరు తప్పినా ఒక మూల జిగురు లావుగా, ఇంకో మూల పలచగా పడుతుంది. నీరు పలచటి మూలనే వెతుక్కుంటుంది.

తర్వాత కోత. కోత అంటాం గానీ అద్దాన్ని ఎవరూ కోయరు. కిరసనాయిల్లో ముంచిన కటర్‌ను బద్ద వెంట ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఊపులో లాగాడు. పట్టు చింపినట్టు సన్నటి చప్పుడు. అద్దం మీద వెంట్రుకంత గీత. దాన్ని బల్ల అంచుకు తెచ్చి రెండు చేతులతో కిందికి చిన్న ఒత్తు ఒత్తితే ఆ గీత వెంటే టక్కున విడిపోయింది. పైన పడిన గాటు కింద కంటికి కనిపించని పగులు మొదలవుతుంది. ఒత్తిడి దాన్ని చివరిదాకా నడిపిస్తుంది. సరిగ్గా పడలేదేమో, ఇంకోసారి గీస్తారా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. “గీత ఒక్కపాలే బాబూ. రెండోపాలి గీస్తే అద్దం మన మాట ఇనదు.”

అయిదు పలకల అంచుల్నీ తడిపి సాన పట్టాడు. వేలు తెగకుండా ఉండడానికే అనుకున్నాను. జిగురు పట్టడానికి కూడా అంట. అంచుల్ని స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచాక ఇక వాటిని వేలితో తాకలేదు, నన్నూ తాకనివ్వలేదు. వేలిముద్ర అంటే నూనె, నూనె ఉన్నచోట సిలికాన్ పట్టదు. అతుకుకు రెండు పక్కలా మాస్కింగ్ టేపు వేసి, గన్నుతో జిగురు గీత గీసుకుంటూ పోయాడు. చేయి ఎక్కడా ఆగలేదు. ఆగిన చోట గాలి బుడగ చేరుతుంది. అడుగు పలక చుట్టూ మొదట వెనక పలక, తర్వాత రెండు పక్కలు, చివర ముందు పలక. మూలమట్టం పెట్టి సరిచూసి నాలుగు గోడల్నీ టేపుతో బిగించాడు. సిలికాన్ పై పొర పది పదిహేను నిమిషాల్లో కడుతుంది. ఈ పనంతా ఆ లోపే అయిపోవాలి. సబ్బు నీళ్ళలో ముంచిన వేలితో లోపలి మూలల్ని ఒక్కసారి నిమిరి, టేపు ఊడదీశాడు. దుకాణమంతా నూడిల్స్ బండి దగ్గర కొట్టే వెనిగర్ వాసన. జిగురు గట్టిపడేటప్పుడు వదిలే ఎసిటిక్ ఆమ్లం అది. బాత్‌రూముల్లో బూజు పట్టకుండా మందు కలిపిన సిలికాన్ కూడా అమ్ముతారు; అది చేపలకు విషం. కొనేటప్పుడు అక్వేరియానికని చెప్పి అడగాలి.

అతుకు నాణ్యత తెలియాలంటే కొత్త తొట్టిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని అంచు మందంలోకి చూడండి. మంచి అతుకు ఒకే రంగులో, ఒకే వెడల్పులో, నీళ్ళలా తేటగా ఉంటుంది. తెల్లటి చుక్కలు గొలుసుకట్టుగా కనిపిస్తే అవి బుడగలు. రేపు నీరు నడిచే దారి. మా ఊరికి దగ్గర్లోనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక లక్క బొమ్మలు చేస్తారు. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్కను ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, కుంచె జాడ ఉండదు. ఆ బొమ్మ మీద లక్క పొరనూ, ఈ అద్దం మూలనూ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. రెండింటిలోనూ చెయ్యి పని చేసి తప్పుకుంది.

ఆ సన్నటి గీత మోసే బరువు తక్కువది కాదు. తొట్టిలో 28 సెంటీమీటర్ల నీళ్ళు నిలిపితే ముందు అద్దాన్ని బయటికి తోసే బలం దాదాపు 24 కిలోల బరువుతో సమానం, రాత్రీ పగలూ. ఆ తోపు నీళ్ళు ఎన్ని లీటర్లున్నాయో చూడదు, ఎంత లోతున్నాయో చూస్తుంది. అందుకే పొడవు పెంచినదానికంటే ఎత్తు పెంచినప్పుడే మందమైన అద్దం వాడాలి. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న తొట్టి చేపకూ మేలు. గాలి నీళ్ళలో కలిసేది పైతలం నుంచే.

ఇంత పనీ చేసి మేస్త్రీ తొట్టిని ఇవ్వలేదు. వారం తర్వాత రమ్మన్నాడు. సిలికాన్ గాలిలోని తేమను పీల్చుకుంటూ బయటి నుంచి లోపలికి, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున ఆరుతుంది. పైకి గట్టిపడినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. వారమయ్యాక అంచుదాకా నీళ్ళు పోసి, కింద పొడి వార్తాపత్రిక పరిచి, ఒక రోజంతా ఉంచాడు. మర్నాడు కాగితం పొడిగా ఉంది. అప్పుడు ఇచ్చాడు.

అక్కడి నుంచి పని మన చేతికొస్తుంది, పద్ధతి మాత్రం మేస్త్రీదే. నీళ్ళు దాదాపు 50 లీటర్లు, అద్దం తొమ్మిది కిలోలు, అడుగున గులక ఏడెనిమిది కిలోలు. ధాన్యం బస్తాకు కాస్త తక్కువ. టీవీ బల్ల మీద పెట్టే సరుకు కాదు. గట్టి బల్ల మీద రసమట్టం పెట్టి చూసుకుని, ప్లైవుడ్ వేసి, దాని మీద థర్మోకోల్ షీటు పరవాలి. బల్ల మీద ఇసుక రేణువంత ఎత్తున్నా బరువంతా ఆ ఒక్క చోట పడి అడుగు పలక పగులుతుంది; థర్మోకోల్ ఆ ఎత్తును తనలోకి తీసుకుంటుంది. కిటికీ ఎండ పడే చోటు వద్దు, పాచి పడుతుంది.

గులకను బియ్యం కడిగినట్టు కడగాలి, కడుగు నీళ్ళు తేరేదాకా. నిమ్మరసం చుక్క వేస్తే నురగ వచ్చే రాయి సున్నపు రాయి. నీటి కఠినత్వాన్ని పెంచుతుంది, దాన్ని పక్కన పెట్టండి. కుళాయి నీటిలో బ్లీచింగ్ ఉంటుంది గనక బకెట్లలో ఒక రోజు నిలవ ఉంచి గానీ, దుకాణంలో దొరికే క్లోరిన్ విరిచే చుక్కలు వేసి గానీ పోయాలి. పోసేటప్పుడు గులక మీద పళ్ళెం పెట్టి దాని మీద ధార పడనిస్తే నీళ్ళు కలక బారవు.

ఫిల్టరు అంటే ఖరీదైన యంత్రం అక్కర్లేదు. గాలి మోటారు, సన్నటి గొట్టం, స్పాంజి ఉంటే చాలు. గొట్టంలో బుడగలు పైకి లేస్తూ నీటిని వెంట లాక్కుపోతాయి. ఆ ఖాళీ నింపడానికి చుట్టూ ఉన్న నీరు స్పాంజిలోంచి దూరి వస్తుంది. అరిగిపోయే భాగం నీళ్ళలో ఒక్కటీ లేదు. ఎంత పొదుపైన ఊహ! మోటారును మాత్రం నీటిమట్టం కంటే పైన పెట్టాలి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీరు గొట్టంలోంచి వెనక్కి జారి మోటారులోకి, ఇంట్లోకి వస్తుంది.

కొత్తవాళ్ళు చేపల్ని పోగొట్టుకునేది సాధారణంగా ఇక్కడే. తొట్టి నిండింది, నీళ్ళు తేటగా ఉన్నాయి, ఇంకేం కావాలని అదే రోజు పది చేపలు తెచ్చి వేస్తారు. చేప వదిలే మలినం నుంచి అమ్మోనియా పుడుతుంది. కంటికి కనిపించదు, కానీ మొప్పల్ని కాలుస్తుంది. దాన్ని నైట్రైటుగా మార్చే సూక్ష్మజీవులు కొన్ని, ఆ నైట్రైటును అంత హాని లేని నైట్రేటుగా మార్చేవి ఇంకొన్ని. ఇవి స్పాంజిలో, గులక మీద కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా చేపలు లేకుండానే మోటారు నడపాలి. రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనిస్తే ఆ జీవులకు తిండి దొరుకుతుంది. ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి నుంచి వాడిన స్పాంజి ముక్క తెచ్చి పెడితే పని ముందుకు జరుగుతుంది. ఇది పాలకు తోడు పెట్టడమే. లంబసింగి వైపు నుంచి చలిగాలి దిగే రోజుల్లో పెరుగు తోడుకోవడం ఆలస్యమైనట్టే, చల్లటి నీటిలో ఇదీ ఆలస్యమవుతుంది. తోడు పెట్టిన గిన్నెను కదపకూడదని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇక్కడా అంతే. స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు ఆ కాపురమంతా పోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి.

ఈ ఆగే రోజుల్లో మొక్కలు నాటుకోవచ్చు. మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా నాచు, పొడుగాటి పట్టీల్లాంటి ఆకుల వాలిస్నేరియా రెండూ మొండి మొక్కలు. వారింగ్టన్ తన తొట్టిలో వేసింది వాలిస్నేరియానే. చెరువు నుంచి తెస్తే బాగా కడిగి వేరే నీళ్ళలో కొన్నాళ్ళుంచి వేయాలి, పురుగులు రాకుండా.

చేపల్లో నేను జీబ్రా డానియోలను ఎంచుకున్నాను. మన దేశపు చేప. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద వేసిన గ్రంథంలో దీన్ని మొదటగా వర్ణించాడు. బొటనవేలంత పొడవు కూడా ఉండదు. మొప్ప నుంచి తోక చివరిదాకా నీలం గీతలు, వాటి మధ్య లేత బంగారం. పైనుంచి చూస్తే బూడిదరంగు పుల్ల. పక్క నుంచి చూస్తే ఆ గీతలు తోక రెక్కలోకి కూడా చెదరకుండా సాగుతాయి. వీటికి గుంపు కావాలి, కనీసం ఆరు. ఎగిరి దూకుతాయి గనక మూత తప్పనిసరి. దుకాణం వాళ్ళిచ్చిన సంచిని మూతి విప్పకుండా తొట్టిలో పావుగంట తేలనిచ్చి, తర్వాత కొద్దికొద్దిగా తొట్టి నీళ్ళు కలిపి, చేపల్ని మాత్రం వలతో వదలాలి. ముందు మూడు, రెండు వారాలాగి మిగతావి. మేత రెండు నిమిషాల్లో తినేంత. వారానికి నాలుగోవంతు నీళ్ళు మార్చడం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. విసుగొస్తే ఈ చేపల్ని తాండవ జలాశయంలోనో ఊరి చెరువులోనో వదలకండి. పాచి తింటుందని తొట్టెల్లో పెంచిన దక్షిణ అమెరికా సక్కర్ చేప ఇప్పుడు తూర్పు కనుమల నీళ్ళలో విస్తరించి ఉందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏ జాడలతో కనిపెట్టారు. గాజు గోడ చేపను మనకు చూపించడానికే కాదు, మన ఏర్లను కాపాడడానికి కూడా.

తొట్టి పెట్టిన మూడో నెలలో వంటింటి కిటికీ అద్దం మార్చడానికి మేస్త్రీ మా ఇంటికొచ్చాడు. హాల్లో తొమ్మిది డానియోలు ఈదుతున్నాయి, నాచు తీగలు పైదాకా వచ్చాయి. అతను వంగి ముందు కింది మూల చూశాడు. అతుకు వెంట బొటనవేలు మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు జరిపి, వేలు తిప్పి చూసుకున్నాడు. పొడిగా ఉంది. అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి, చేపల వైపు చూశాడు. కిటికీ పని మొదలవడానికి చాలాసేపు పట్టింది.