విత్తనమును చూచి పొలమును మరచిన నివేదిక

ఒక మేలైన వరి వంగడమును రూపొందించుటకు సాధారణముగా పది సంవత్సరములకు పైగా పట్టును. ఆ ఖర్చును ఎవరు భరింపవలెను? ఆ ఫలితము ఎవరికి చెందవలెను? ఈ రెండు ప్రశ్నలలో మొదటిదానికి 1928 లో వెలువడిన వ్యవసాయ రాయల్ కమిషన్ నివేదిక చక్కని సమాధానము చెప్పెను. రెండవదానిని సగములోనే విడిచెను. భారతదేశములోని వ్యవసాయ పరిశోధన వ్యవస్థకు పునాది వేసిన గ్రంథము కనుక, దాని గుణమును, దోషమును కూడ విద్యార్థులు తెలిసికొనదగును.

బ్రిటిష్ ప్రభుత్వము ఈ కమిషన్‌ను 1926 లో నియమించెను. లిన్‌లిత్‌గో ప్రభువు అధ్యక్షుడు. సర్ గంగారామ్, ఆచార్య నగేంద్రనాథ్ గంగూలీ, నాటి మద్రాసు రాజధానికి చెందిన పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి మొదలగువారు సభ్యులు. అప్పటికి దేశములో పరిశోధన లేకపోలేదు. బీహారులోని పూసాలో 1905 లోను, కోయంబత్తూరులో చెరకు కొరకు 1912 లోను, గోదావరి డెల్టాలోని మారుటేరులో వరి కొరకు 1925 లోను కేంద్రములు వెలసెను. కాని 1919 సంస్కరణలతో వ్యవసాయ శాఖ రాష్ట్రముల చేతికి పోయెను. ఒక చోటి పరిశోధన ఫలితము మరియొక చోట తెలియుటకు నియతమైన మార్గము లేకపోయెను. గోధుమ తుప్పు తెగులును కలిగించు సిద్ధబీజములు గాలిలో వందల మైళ్లు పయనించును. వాటికి రాష్ట్రముల ఎల్లలు లేవు. పరిశోధనకు మాత్రము ఎల్లలు ఏర్పడినవి.

ఈ లోపమును కమిషన్ సరిగా గుర్తించెను. దేశమంతట పరిశోధనను ప్రోత్సహించి, మార్గము చూపి, సమన్వయపరచు ఒక మండలి కావలెననియు, దానికి 50 లక్షల రూపాయల నిధి నొసగవలెననియు సూచించెను. ఫలితముగా 1929 లో ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధన మండలి ఏర్పడెను. నేడు భారత వ్యవసాయ పరిశోధన మండలి యని పిలువబడుచున్నది దానినే. ప్రత్యేక నిధి యన్నది చిన్న విషయము కాదు. ఈ ఏడు చల్లిన సంకరణ విత్తనము మరుసటి ఏడే ఫలితము నీయదు. ఏటేట మారు బడ్జెట్టుపై అట్టి పని నిలువజాలదు.

ప్రభుత్వమే ఈ పనికి పూనుకొనుటకు వృక్షశాస్త్రములోనే ఒక కారణము కలదు. వరిలో పుప్పొడి సాధారణముగా అదే పుష్పములోని కీలాగ్రముపై పడును. అందుచేత స్థిరపడిన వంగడపు గింజ తల్లి గుణములనే నిలుపుకొనును. రైతు ఒకసారి కొన్న విత్తనమును ఇంట దాచుకొని మరుసటి ఏడు చల్లుకొనవచ్చును, పొరుగువానికి ఈయవచ్చును. సంకర మొక్కజొన్నలో అట్లు కాదు. దాని గింజను తిరిగి నాటినచో పైరు ఒకే తీరున ఉండదు, దిగుబడి తగ్గును. కావున రైతు ఏటేట విత్తనము కొనవలెను. వ్యాపారికి లాభము ఇచ్చట కలదు, వరిలో మిక్కిలి తక్కువ. లాభము తక్కువైన చోటనే కోట్లమంది తిండి ఉన్నది.

మారుటేరు కేంద్రము రూపొందించిన ‘స్వర్ణ’, అనగా ఎం.టి.యు. 7029, దీనికి మంచి నిదర్శనము. వసిష్ఠ, మషూరి అను రెండు వంగడముల సంకరణము వలన పుట్టి, ఇది 1982 లో విడుదలయ్యెను. తల్లిదండ్రులలో ఒకటియైన మషూరికి వేరొక కథ కలదు. బెంగాల్ క్షామము తరువాత 1946 లో కటకములో స్థాపింపబడిన కేంద్ర వరి పరిశోధనాలయములో 1950 దశకమున అంతర్జాతీయ సంకరణ పథకము నడిచెను. ఆ సంకరణముల సంతతి నుండి మలేషియా శాస్త్రజ్ఞులు మషూరిని ఎన్నుకొని 1965 లో విడుదల చేసిరి. అది తిరిగి భారతదేశమునకు వచ్చి, స్వర్ణకు జన్మనిచ్చెను. స్వర్ణ ఆంధ్రమును దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్, బీహారు, ఛత్తీస్‌గఢ్ పొలములకు ప్రాకెను. ఇన్ని కేంద్రముల నడుమ ఇన్ని ఏండ్లు సాగిన పనికి ఏ ఒక్క వర్తకుడును పెట్టుబడి పెట్టియుండడు. ఈ విషయములో 1928 నాటి నివేదిక దూరదృష్టి ప్రశంసనీయము.

ఇక దోషము. భూస్వామ్యము, కౌలు, భూమిశిస్తు, నీటితీరువ అను విషయములపై సలహా లీయరాదని కమిషన్ నియామక పత్రమే నిషేధించెను. సభ్యులు ఆ హద్దును దాటలేదు. అప్పులు, సహకార సంఘములు, కమతముల ముక్కలు, గ్రామవిద్య, ఆరోగ్యము వరకు నివేదిక విస్తరించి వ్రాసెను. కాని, పొలము ఎవరిది, పంటలో ఎవరికెంత అను మాట వచ్చునప్పటికి మౌనము వహించెను. ఆ ఖాళీని పూరించుటకో యన్నట్లు, వ్యవసాయాభివృద్ధికి అన్నింటికంటె ముఖ్యమైనది రైతు దృక్పథమే యని తేల్చెను. అధికముగా పండించినదానిలో అధికభాగము కౌలుగా పోవునప్పుడు, కొత్త పద్ధతికి వెనుకాడుట దృక్పథ లోపము కాదు. అది లెక్క తెలిసిన మనుష్యుని జాగ్రత్త.

కౌలు చట్టములను వ్రాయుట శాస్త్రజ్ఞుని పని కాదుగదా యని కొందరు ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని ఎవరి పొలము కొరకు వంగడమును ఎన్నుకొనుచున్నాడో శాస్త్రజ్ఞుడు ఎరుగవలెను. స్వర్ణ నత్రజని ఎరువు కొంచెముగా వేసినను మంచి దిగుబడి నిచ్చును. ఇంట దాచిన విత్తనముతో పండును. పెట్టుబడి లేని సాగుదారుకు ఈ రెండును మేలు చేసినవి. అయినను ఇది దోషరహితము కాదు. సుమారు 150 దినముల పంట కనుక నీరు చాలకాలము కావలెను. విత్తనము చేతినుండి చేతికి పోగలదు గాని, బ్యాంకు అప్పు, పంటల బీమా అట్లు పోవు. వాటికి కాగితము కావలెను. కౌలుదారులకు రుణార్హత కార్డు లిచ్చుటకు ఆంధ్రప్రదేశ్‌లో 2011 లో ఒక చట్టము, పంట సాగుదారుల హక్కులకై 2019 లో మరియొక చట్టము వచ్చినవి. కమిషన్‌కు నిషిద్ధమైన ప్రశ్న ఎనుబది ఏండ్ల తరువాతను తీరలేదనుటకు ఈ రెండు చట్టములే సాక్ష్యము.

నివేదికలో రెండవ లోపము జ్ఞానము ప్రవహించు దిక్కును గూర్చినది. పరిశోధన కేంద్రము చెప్పును, రైతు వినును అను భావము అందు ప్రబలముగా ఉన్నది. దీనిని స్వర్ణ చరిత్రయే సవరించెను. వరద నీట మునిగినచో స్వర్ణ చెడిపోవును. రెండు వారముల వరకు మునకకు ఓర్చు గుణము ఒడిశా రైతులు తరతరములుగా పండించిన నాటు వరిలో ఉండెను. దానినుండి ఎన్నిక చేసిన ఎఫ్.ఆర్. 13ఎ అను వంగడములోని జన్యువును ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ స్వర్ణకు చేర్చెను. ఆ విధముగా పుట్టిన ‘స్వర్ణ సబ్-1’ 2009 లో భారతదేశమున విడుదలయ్యెను. పేరులేని రైతులు కాపాడిన గింజ లేనిదే ఈ ప్రయోగము లేదు. విత్తనమును దాచుకొను, మార్చుకొను, వ్యాపార ముద్ర లేకుండ అమ్ముకొను హక్కు రైతుకు కలదని 2001 నాటి వృక్ష వంగడముల సంరక్షణ చట్టము అంగీకరించుట ఈ దృష్టితో న్యాయమైనది.

మొత్తము మీద, పరిశోధనకు ప్రభుత్వ ధనము, స్థిరత్వము, సమన్వయము కావలెనన్న విషయమున 1928 నివేదిక నేటికిని ప్రమాణము. పరిశోధన ఫలము సాగుదారుకు చేరుటకు అవి చాలవన్న విషయమున అది హెచ్చరిక. ఉపాధ్యాయులు విద్యార్థులను సమీప పరిశోధన కేంద్రమునకు తీసికొనిపోయినప్పుడు, వంగడపు తల్లిదండ్రులెవరు, ఎన్ని ఏండ్లు పట్టెను అని అడిగించుట మంచిది. తిరుగు దారిలో ఆ వంగడము పండుచున్న పొలము వద్ద ఆగి, దున్నువారెవరు, అప్పు ఎవరి పేర వచ్చుచున్నది అని కూడ అడిగింపవలెను. కమిషన్ అడుగరానిది ఆ రెండవ ప్రశ్నయే.