గజాలీ, హ్యూమ్: ఒక మాట, రెండు అర్థాలు

కార్యకారణ సంబంధాన్ని గూర్చి స్కాట్లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739లో చెప్పినదంతా ఇమామ్ గజాలీ (రహ్మ.) 640 ఏళ్ళకు పూర్వమే చెప్పివేశారని మన రచయితలు గర్వంగా వ్రాస్తుంటారు. ఈ గర్వంలో సగం న్యాయమే. మిగతా సగాన్ని కొంచెం పరిశీలించవలసి ఉన్నది.

‘తహాఫుతుల్ ఫలాసిఫా’ (హి. 488, క్రీ.శ. 1095) 17వ చర్చలో దూది, నిప్పుల ఉదాహరణ ప్రసిద్ధమైనది. నిప్పు తగిలినప్పుడు దూది కాలడం మనం చూస్తాం. నిప్పు వలననే కాలిందనడానికి మాత్రం మన కళ్ళు సాక్ష్యమివ్వవు. ‘అప్పుడు’ వేరు, ‘వలన’ వేరు. హ్యూమ్ బిలియర్డు బంతులను తీసుకొని సరిగా ఇదే అంటాడు. ఒక బంతి వచ్చి తగలడం, రెండవది కదలడం కనిపిస్తాయే గాని ఆ రెంటినీ ముడివేసే అనివార్యత ఎక్కడా కనిపించదు.

ఇంతవరకే పోలిక. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై.) అగ్నిలో కాలకపోవడం అసంభవమన్న తాత్త్వికులకు జవాబుగా గజాలీ ఈ వాదం లేవదీశారు. కాల్చేవాడు అల్లాహ్ అయినప్పుడు కాల్చకుండా ఉండగలవాడూ ఆయనే. హ్యూమ్ 1748లో వెలువరించిన గ్రంథంలో మహిమలపై ఒక అధ్యాయమే ఉంది. ఎడతెగని మానవానుభవం ముందు మహిమను గూర్చిన ఏ సాక్ష్యమూ నిలువదని అక్కడ వాదిస్తాడు. ఒకరు తెరిచిన తలుపునే రెండవవారు మూశారు. వీరిద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టి ‘మనవారే ముందు’ అనడం గజాలీకి మర్యాద కాదు.

ఈ పొరపాటులో అనువాదకులకూ భాగమున్నది, నాతో సహా. మదరసాలో ‘ఆదత్’ అని చదివాను, విశ్వవిద్యాలయంలో హ్యూమ్‌ను చదివాను, రెంటికీ ‘అలవాటు’ అనే వ్రాశాను. హ్యూమ్‌కు అది మనస్సులో మాత్రమే ఉన్నది. కలామ్ పండితుల ‘ఆదత్’ సృష్టిలో అల్లాహ్ నడిపే క్రమాన్ని కూడా చెబుతుంది. ఆ క్రమం ఆయన సంకల్పం కనుకనే, ఇంట్లో వదలివచ్చిన పుస్తకం ఈపాటికి గుర్రమై ఉండవచ్చుగా అన్న ఆక్షేపణకు గజాలీ కలవరపడలేదు. అలా జరగదన్న జ్ఞానాన్ని కూడా మనలో అల్లాహ్‌యే సృష్టించాడన్నారు. హ్యూమ్‌కు ఈ ఆధారం లేదు, కావాలనీ అనుకోలేదు.

‘తహాఫుత్’ వాదాలు యూరపుకు తెలియనివి కావు. ఇబ్నె రుష్ద్ ఖండన గ్రంథం లాటిన్‌లో 1497లోనే వెనిస్‌లో అచ్చయింది. కాని హ్యూమ్‌కు దగ్గరి దారి మాల్‌బ్రాంష్ అనే ఫ్రెంచి మతాచార్యుడు. దేవుడొక్కడే నిజమైన కారణమని 1674లో వ్రాసిన ఆయన గ్రంథాన్ని చదవమని హ్యూమ్ 1737లో ఒక మిత్రునికి ఉత్తరం వ్రాశాడు. ఆ గ్రంథంలోని నిరాకరణను ఉంచుకొని, దేవుణ్ణి తప్పించాడు.

నా వ్రాతప్రతిలో ‘అలవాటు’ను చాలాచోట్ల ‘పరిపాటి’గా దిద్దాను. ఒక్కచోట దిద్దలేదు. ఒకే క్రమం పదేపదే జరగడం చేత నమ్మకం మన మనస్సులలో గట్టిపడుతుందని గజాలీ అన్న చోట అది. అక్కడ మాత్రం ఇద్దరూ నిజంగానే ఒకే మాట అన్నారు.